గుడ్డలక్క

మా పిల్లల వార్డు హెడ్ నర్సుకి ‘గుడ్డలక్క’ అని పేరు పెట్టింది నేనే. బిడ్డ ఏ జబ్బుతో వచ్చినా సరే, ఆవిడ మొదట అడిగేది దొడ్డికెళ్లి విడిచిన గుడ్డ. దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేది. ట్యూబ్‌లైట్ కింద ఏ రంగూ నిజం చెప్పదట. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆవిడ కూడబెట్టిన ఆస్తి ఈ చాదస్తమేనని మేం నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఐదు నెలల పాపని చేర్చుకున్నాం. వాంతులు, కొద్దిగా జ్వరం, ఉబ్బిన పొట్ట. పేగుల్లో ఇన్‌ఫెక్షన్ అని రాసేసి, సెలైన్ పెట్టించి చేతులు దులుపుకున్నాను. తల్లి పాపకి ఉతికిన గౌను తొడిగి, పౌడరు అద్ది మరీ తెచ్చింది.

“పొద్దున విడిచిన గుడ్డేదమ్మా?” అంది అక్క.

“ఉతికేశానండీ.”

తల్లి మళ్లీ గుడ్డ మార్చేదాకా అక్క కాచుక్కూర్చుంది. మధ్యాహ్నం నేను క్యారియర్ విప్పి భోజనానికి కూర్చోగానే ట్రేలో ఆ గుడ్డతో ప్రత్యక్షమైంది.

“ఇప్పుడా అక్కా?” నాకు ఒళ్లు మండింది.

“తిన్నాకే చూడండి సార్. కానీ చూడండి. సుద్దలా తెల్లగా ఉంది. రంగునిచ్చే పైత్యరసం పేగుల్లోకి దిగట్లేదు. మరి ఎటు పోతున్నట్టు?”

క్యారియర్ మూసేశాను. లేచి స్కాన్ చేయిస్తే పొట్ట నిండా నీరు. సూదితో కాస్త లాగితే సిరంజిలోకి ముదురు ఆకుపచ్చ రసం వచ్చింది. కాలేయం నుంచి పేగుకి పైత్యరసం తెచ్చే సన్నని గొట్టం చిట్లిపోయింది. పుస్తకంలో చదవడమే తప్ప నేనెన్నడూ కళ్లతో చూడని జబ్బు. ఇంకో రోజు సెలైన్‌తో గడిపి ఉంటే పాప దక్కేది కాదు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు.

వారం తిరక్కుండా పాప పాలు తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో తల్లికి క్లాసు పీకబోయాను.

“అలాంటి రంగు కనపడితే డాక్టరుకి చూపించొద్దా అమ్మా?”

“చూపించబోయానండీ, చేర్చడానికి రెండ్రోజుల ముందు, ఓపీలో,” అంది కోపమేమీ లేకుండా. “ముందు దాన్ని అవతల పారేసి, పిల్లని శుభ్రం చేసి తీసుకురమ్మన్నారు.”

“ఎవరన్నారు?”

“మీరేనండీ. సిస్టర్‌గారికి మొదటిరోజే చెప్పాను.”

నేను అక్క కోసం చూశాను. పక్క మంచం దగ్గర అక్క సెలైన్ సరిచేస్తోంది. ఇన్నాళ్లలో ఆ మాట నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు.