కిరసనాయిలు హారతి

అప్పట్లో నేను విజయనగరంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌ని. ఎమ్మెస్సీ పట్టా కొత్తది, దానికి తగ్గట్టు నా నోరూ పెద్దదే. మా లేబొరేటరీలో గాజు సామాను కడగడానికి ఒక ముసలామె వచ్చేది. సొంత ఊరు పొందూరు, ఇక్కడ కొడుకు దగ్గర ఉండేది. ఇంటికెళ్ళాక వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, కళ్ళు మూసుకుని సన్ననూలు వడికేది.

"కళ్ళతో పనేటి బాబూ, ఏలికొనలే సూస్తాయి" అనేది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, అంతే ఆమె ఆస్తి.

కిరసనాయిలు నిజంగా మండడానికి ముందు ఒకసారి దొంగచాటుగా మండుతుందని చదివాను. వేడెక్కినా ఎర్రబడని ఇనప రేకు మీద చుక్కలు వేస్తే, దాని ఆవిరి గాలితో కలిసి సగం సగం కాలి నీలంగా వెలుగుతుందట. ఆ మంటలో వేడి తక్కువ. రేకు మరీ వేడెక్కితే మాత్రం అసలు మంట అంటుకుంటుంది. ఆ చివరి వాక్యం కూడా నేను చదివాను.

ఒక మధ్యాహ్నం స్టోర్ రూము కిటికీలకు నల్లగుడ్డ కట్టి, పంపు స్టవ్ మీద రేకు కాచి, స్టవ్ ఆర్పి చుక్కలు వేశాను. మొదట వాసన తప్ప ఏమీ లేదు. తరవాత రేకుకు జానెడు ఎత్తున, దేన్నీ అంటకుండా, నీలి వెలుగు లేచింది. చప్పుడు లేదు. గోడలు చీకటిగానే ఉన్నాయి. అది పోయి మళ్ళీ వచ్చేది, ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

సీసాల కోసం వచ్చిన ముసలామె గుమ్మంలో ఆగిపోయింది. గొప్ప చూపించుకోవాలని, ఆమె కొంగున ఉన్న పత్తి తునక అడిగి అందులో పెట్టాను. నల్లబడనైనా లేదు. ఆమె మెల్లగా వచ్చి, రెండు చేతులూ ఆ వెలుగు మీద చాచి కళ్ళకద్దుకుంది. చీకట్లో మనిషి కనబడటం లేదు, చేతులే కనబడుతున్నాయి. 

"ఏటి బాబూ ఇది? మంట నాగే ఉన్నాది, సల్లగున్నాది."

"కిరసనాయిలే మామ్మా, ఏమీ చెయ్యదు" అన్నాను.

మర్నాడు తలంటుకుని, తడిజుట్టులో పువ్వు పెట్టుకుని వచ్చింది. "అమ్మోరిని ఇంకోపాలి సూపించు" అంది. నేనూ ఉబ్బిపోయాను. ఈసారి చుక్కలు ఎక్కువ వేసి, ఆక్సిజన్ గురించి ఉపన్యాసం మొదలెట్టాను. కింద స్టవ్ ఆర్పడం మరిచిపోయాను. నీలి వెలుగు నిన్నటికంటే వెడల్పుగా లేచింది. ఆమె హారతికి చేతులు చాచింది. నీలం కడుపులోంచి ఒక్కసారి పసుపు పుట్టి భగ్గుమంది.

ఆమె సీసాలు కడిగే తొట్టిలో చేతులు ముంచి, నీళ్ళలోకే చూస్తూ మాట్లాడింది.

"నిన్న సల్లగా పిలిసింది. ఇయ్యేల కోపమొచ్చింది. మా ఇంట్లో పురిటిమైల ఉన్నాది బాబూ. దాసీసి ఒచ్చీసినాను. తప్పు నాదే."

అప్పటికీ స్టవ్ నా వెనకాల బుస్సుమంటూనే ఉంది. ఉద్యోగం పోతుందని భయం వేసింది.

"అయ్యుండొచ్చు మామ్మా" అన్నాను.

బొబ్బలు మానాయి గాని ఆ రెండు వేళ్ళ కొనలు కాయకట్టాయి. సన్ననూలు తెగిపోయేది. కళ్ళు తెరిచి ప్రయత్నించినా తెగిపోయేదట. కొన్నాళ్ళకు చుట్టలా కట్టిన ఒక నూలు చిలప తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కాలకముందు వడికిన వాటిలో అదే ఆఖరిది.

"అమ్మోరు మళ్ళీ ఒచ్చినప్పుడు ఇచ్చీ బాబూ. తప్పు కాసుకోమని సెప్పు."

ఆ మధ్యాహ్నమే తలుపేసుకుని రేకు కాచాను. స్టవ్ ఆర్పానా లేదా అని రెండుసార్లు వంగి చూశాను. నీలి వెలుగు వచ్చింది. నూలు పోగు ఒకటి అందులోకి వదిలితే తెల్లగానే ఉండిపోయింది. ఏమీ చెయ్యదని ఆమెకు చెప్పింది నేను. ఇప్పుడు నిజంగానే ఏమీ చెయ్యదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆరిపోయేదాకా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డాను.