చాచా బండి నిలిచే జాగ

చాచా పోయిన వార్తను ఆయన పికప్ బండే మోసుకొచ్చింది. ఎండ ఎక్కుతున్న వేళ, జనగామలో మా గల్లీ మలుపు దగ్గర ఆ ఇంజను చప్పుడు వినగానే అవ్వ బియ్యం చాట పక్కన పెట్టింది. "వచ్చిండు సాయెబు, ఇగ దుమ్ము లేస్తది" అంటూ తలుపు దగ్గరికి వేయడానికి లేచింది. కానీ ఆ రోజు బండి ముఖం ముందుకు పెట్టుకొని గల్లీలోకి వచ్చింది. చాచా ఎన్నడూ అలా తేలేదు. మలుపు దగ్గరే తిప్పి, అద్దంలో చూసుకుంటూ వెనక్కి నడిపి తెచ్చి నిలిపేవాడు. "పొద్దుగాల పనికి పొయ్యెటప్పుడు బండి మొఖం బయటికుండాలె" అనేవాడు.

అవ్వ గడప మీదే ఆగిపోయింది. స్టీరింగు ముందు చాచా తమ్ముడి కొడుకు కూర్చొని ఉన్నాడు. వెనక ట్రాలీలో, పెండ్లి వంటల పెద్ద గిన్నెలు, ఆ గంజుల మధ్య పరిచిన పరుపు మీద, తెల్ల దుప్పటి కింద చాచా ఉన్నాడు.

మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో, పెండ్లి వంట ముగించుకొని, పొద్దున్నే గంజుల మీద తాడు బిగిస్తూ కూలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. ఆయన భార్య, మా చాచీ సమాధి జనగామలో ఉంది గనుక ఆయన్ను ఇక్కడికే తెచ్చారు.

నేను నర్మెట్ట దగ్గరి మా ఊరి నుంచి డిగ్రీ చదువుకోవడానికి వచ్చి, అవ్వతో ఈ గల్లీలో అద్దెకుంటున్నాను. చాచా మా ఎదురింటి మనిషి. పెండ్లిళ్లకు వంట గంజులు, పొయ్యిలు కిరాయికి ఇచ్చేవాడు. అడిగిన వాళ్లకు తానే వండిపెట్టేవాడు. ఆయన బగారన్నం కోసం ముహూర్తాలు మార్చుకున్న ఇళ్లున్నాయని గల్లీలో చెప్పుకునేవారు. ఆయన ఇంటి ముందు మురుగు మోరి పారుతుంది. అందుకని బండిని మా వాకిట్లో నిలిపేవాడు. మేం ఈ ఇంట్లో దిగకముందు నుంచీ దాని జాగ అదే. ఆ సంగతి అవ్వ ఒప్పుకునేది కాదు.

"ఓ సాయెబూ, నీ బండి మా ఆకిట్ల, నీ ఆకిలేమో అద్దం తీర్గ. గిదేం న్యాయం?"

"నా ఆకిట్ల మోరి ఉన్నది గదక్కా. బండి దాంట్ల పడితె నువ్వొచ్చి లేపుతవా?"

"ముందుగాల నిన్ను లేపాలె. పొద్దు నెత్తి మీదికొచ్చెదాక పంటవు."

"పెండ్లి బువ్వ తినెటోళ్లకేం ఎర్క, వండెటోని నిద్ర?"

"నీ బువ్వ నేనెప్పుడు తిన్న?"

పెండ్లి చేసి వచ్చిన ప్రతిసారీ మూత పెట్టిన గిన్నె ఒకటి మా ఇంటికి వచ్చేది. అవ్వ తినేది. ఉప్పు తక్కువైందని చెప్పి పంపేది. గిన్నెను మాత్రం ఖాళీగా పంపకుండా కడిగి, రెండు నిమ్మకాయలో గుప్పెడు పల్లీలో వేసి ఇచ్చేది.

తెల్లవారగానే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లేటప్పుడు కూడా అవ్వ అలాగే చేసేది. నోటితో బండిని తిడుతూ, చేత్తో దాని చుట్టూ జాగ్రత్తగా చల్లేది. "టైర్లకు చుక్క తాకితె మొఖం మాడ్సుకుంటడు" అనేది. తర్వాత బండి పనికి వెళ్లేది. తడిసిన వాకిలి మధ్య బండంత పొడి నేల మిగిలేది. కాలేజీకి వెళ్తూ నేను దాని మీదుగా నడిచేదాన్ని కాదు. ఎందుకో పక్కనుంచి వెళ్లేదాన్ని.

ఒకప్పుడు ఆయనకు సొంత బండి లేదు. ఒక పెండ్లికి కిరాయి బండి మధ్యాహ్నం దాకా రాక, బంతిలో కూర్చున్న చుట్టాలు ఖాళీ విస్తర్ల ముందు ఎదురు చూశారట. ఆ సాయంత్రమే చాచీ పట్టుబట్టింది, మనకొక బండి ఉండాల్సిందేనని. చిన్నాచితకది కాదు, గంజులు, పొయ్యిలు, కట్టెలు, బియ్యం బస్తాలు ఒక్క దెబ్బకు ఎత్తగల గట్టి పికప్. తీరా కొన్నాక చాచాకు సంతోషం కన్నా భయమే ఎక్కువైందట.

"కిరాయి బండి ఉన్నప్పుడు ఆల్చమైతె బండోని మీద చెప్పెటోన్ని బిడ్డా. ఇప్పుడు ఎవని మీద చెప్పాలె? సొంత బండి ఉన్నోనికి సాకు ఉండది."

చాచీని నేను చూడలేదు. నాకు ఆమె తెలిసింది గంజుల మధ్య నుంచే. దారిలో ఒకదానికొకటి రాసుకోకుండా చాచా వాటి మధ్య ఆమె పాత చీరలు కుక్కేవాడు. రంగులు వెలిసి, పొగ వాసన పట్టిన చీరలు. ఆమె ఉన్నన్నాళ్లు ప్రతి పెండ్లికీ ఆయనతో పాటు వెళ్లేది. అందరూ తిన్నాక ఇద్దరూ బండి క్యాబిన్‌లో కూర్చొని తినేవారట. ఆమె పోయాక ఆ ఎడమ సీటు మీద ఒక చద్దరు మడత పెట్టి ఉంచాడు. తాను మాత్రం ఎప్పటిలాగే క్యాబిన్‌లోనే, అద్దాలు ఎత్తుకొని తినేవాడు. పనివాళ్లు పిలిచి పిలిచి మానేశారు.

తెలంగాణ కోసం సమ్మె నడిచిన రోజుల్లో మా కాలేజీ మూతపడింది. బస్సులు డిపోల్లో ఆగాయి. పెండ్లిళ్లు వాయిదా పడ్డాయి. చాచా బండి మా వాకిట్లోనే ఉండిపోయింది. రోజూ పొద్దున ఆయన వచ్చి ఇంజను స్టార్ట్ చేసి, బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "ఏం లేదు, జర మాట్లాడిచ్చి పోత. లేకుంటె అలుగుతది" అన్నాడు. ఆయన ఇంట్లో మాట్లాడించడానికి మరెవరూ లేరు.

ఒకరోజు మా కాలేజీ పిల్లలు ఆయన దగ్గరికి వచ్చారు. హైదరాబాదు రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యి వెలిగించి, అక్కడే వండుకొని తిని, దారి ఆపాలని.

"చాచా, బండి రోడ్డుకు అడ్డం పెట్టాలె. గంజులు గూడ నీయే."

"పెడత. గని మొదటి బంతి మనది గాదు."

"మరెవలది?"

"మనం ఆపినోళ్లది. ఆపినోళ్లే అన్నం పెట్టాలె గదరా."

ఒకడు నవ్వాడు. "ఇది ఉద్యమం చాచా, పెండ్లి గాదు."

"పెండ్లో ఉద్యమమో గంజుకేం ఎర్కరా? బండి నాది, గంజు నాది. ఇష్టముంటె చెప్పుండ్రి."

అలా ఆ రోజు పికప్ రోడ్డుకు అడ్డంగా నిలిచింది. దాని వెనక నాలుగు పొయ్యిలు మండాయి. ఆగిపోయిన లారీల్లో కోస్తా వైపు వెళ్లే డ్రైవరు ఒకాయన మండిపడుతూ దిగాడు. "బండి మీరే ఆపి, భోజనం కూడా మీరే పెడతారా? ఏం మనుషులండీ మీరు!"

చాచా విస్తరి ఆయన చేతిలో పెట్టాడు. "తిను తమ్మీ. తిన్నంక తిట్టు. ఆకలి మీద తిడితె గొంతు పోతది."

డ్రైవరు తిన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. తిట్టడం మరిచిపోయాడో, మానుకున్నాడో తెలియదు గానీ, "మసాలా ఏం వేశారండీ?" అని అడిగి వెళ్లి తన లారీ నీడలో పడుకున్నాడు.

జనం పెరిగేకొద్దీ గంజులో అన్నం తగ్గుతుంటే మాకు కంగారు పుట్టింది. చాచా మూత కొంచెం ఎత్తి చూసి, "బరకత్ ఉన్నది, వడ్డియ్యుండ్రి" అన్నాడు. నిజంగానే సరిపోయింది. ఆ మాటకు సరైన తెలుగు మాట కోసం తర్వాత చాలా వెతికాను. ఉన్నది అందరికీ సరిపోవడం, సరిపోయాక పిడికెడు మిగలడం. ఒక్క మాటలో నాకింకా దొరకలేదు.

అందరి తిండి అయ్యాక చూస్తే చాచా క్యాబిన్‌లో ఉన్నాడు. నేను పళ్లెం పట్టుకొని ఎడమ తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన వంగి అద్దం దించాడు.

"ఏంది బిడ్డా?"

"ఒక్కనివే తింటున్నవేంది చాచా? బంతిల కూసోవచ్చు గదా."

"వండినోడు బంతిల కూసుంటె వడ్డించెటోళ్ల చేతులు వణుకుతయి."

సీటు మీది చద్దరు వైపు చూశాడు. దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎక్కు. మెల్లగ, మెట్టు ఎత్తున్నది."

ఎక్కి కూర్చున్నాను. ముందు అద్దంలోంచి రోడ్డంతా కనిపిస్తోంది. అంతమంది పాడుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. లోపలికి ఆ పాట ఎక్కడో దూరంగా ఉన్నట్టు వస్తోంది. నాకు దగ్గరగా వినిపిస్తున్నది ఆయన నమిలే చప్పుడు ఒక్కటే. ఇన్నేళ్లూ ఆయన పెండ్లిళ్లన్నీ ఇలాగే చూశాడు కదా అనిపించింది.

"తెలంగాణ వచ్చిన్నాడు జనగామ చౌరస్తల మొదటి గంజు నాదే" అన్నాడు చాచా. "గీ బండి మీదనే తెస్త. పెద్ద గంజు దింపుత. వండుత. ఆ దినం మాత్రం బంతిల కూసుంట, అందరితోని."

"మరి బండి?"

"మీ అవ్వను కావలి పెడత. ఆమె నోటికి భయపడి ఎవడు ముట్టుకుంటడు?"

అది హాస్యంగా అన్న మాటే. కానీ ఆ రోజు నుంచి ఆయన తన కోసం కోరుకున్నది అదొక్కటే. ఆ ఒక్క రోజు రావాలి. అందాకా తానూ బండీ నడుస్తుండాలి.

సమ్మె ఇంకా నడుస్తుండగానే భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి కార్మికుని ఇంట్లో పెండ్లి పడింది. వాయిదా వేయడానికి వీలులేని పెండ్లి. చాచా మాట ఇచ్చాడు. బంద్ రోజైనా వెళ్లాడు. తిరిగొచ్చాక మా అరుగు మీద కూర్చొని అవ్వతో చెప్పాడు.

"ఊరి మొగదల్లనే పోరగాండ్లు ఆపిండ్రక్కా. 'ఇయ్యాల చక్రం తిరగద్దు చాచా' అన్నరు. మొన్న నేను గూడ ఆపిన గదా. ఏ మొఖం పెట్టుకొని ఇడువుమని అడగాలె?"

"మరేం జేసినవు?"

"'చక్రం తిరగది, పెండ్లి గూడ ఆగది' అన్న. రోడ్డు పక్కకే పొయ్యిలు పెట్టిన, వండిన. ఆపిన పోరగాండ్లే గంజులకు తాళ్లు గట్టి, బొంగుల మీద భుజాలకెత్తుకున్నరు. పెండ్లింటిదాక నడుసుకుంటనే తీస్కపోయిండ్రు. జెండాలు ముందట, గంజులు ఎనక. జాతర తీర్గుండె."

"నువ్వు పోలె?"

"బండిని రోడ్డు మీద ఇడిసిపెట్టి యాడికి పోతనక్కా? సొంత బండాయె."

గంజులు తిరిగి వచ్చేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. ఊళ్లోంచి బ్యాండు చప్పుడు గాలి వాటున వస్తూ పోతూ ఉందట. పొద్దు వాలాక ఖాళీ గంజులు వచ్చాయి. ఒకదాని అడుగున ఎవరో విస్తరిలో అన్నం మూసిపెట్టి పంపారు. ఎవరు పెట్టారో ఆయనకు తెలియదు.

అవ్వ ఆ రోజు ఒక్క దెప్పు కూడా దెప్పలేదు. "తిన్నవా మరి?" అని మాత్రం అడిగింది.

"తిన్న. క్యాబిన్ల."

సొంతం అనే మాట చదివినప్పుడల్లా నాకు అందులో సుఖమే కనిపించేది. అందరూ వెళ్లిన చోటికి తాను వెళ్లలేక, ఒక వస్తువు పక్కన నిలబడిపోవడం కూడా ఆ మాటలో ఉందని ఆ సాయంత్రం తెలిసింది.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. తెలంగాణ రాలేదు. చాచాకు క్లచ్ తొక్కితే మోకాలు పట్టేసేది. మానుకోట నుంచి తమ్ముడి కొడుకు వచ్చి, "అమ్మెయ్ బడే అబ్బా, మా ఇంటికాడ ఉందువు రా" అని బతిమాలేవాడు. "తెలంగాణ రానీ. ఆ ఒక్క గంజు దింపినంక తాళంచెవి నీకే ఇస్త" అనేవాడు చాచా. ఈ ఎండాకాలమే బండి కింద బరువు మోసే కమాన్లు కొత్తవి వేయించాడు. పాతవి కుంగాయని, పెద్ద గంజు బరువు ఆగాలి గదా అని. గల్లీలో అందరినీ పిలిచి చూపించాడు. అవ్వ కూడా వంగి బండి కిందికి చూసి, ఏమీ అర్థం కాకపోయినా, "మంచిగున్నయి" అంది.

ఖననం అయిన రోజు సాయంత్రం ఆ తమ్ముడి కొడుకు గంజులన్నీ దింపి చాచా ఇంట్లో పెట్టాడు. పెద్ద గంజును మాత్రం మా ఇంట్లోకి తెచ్చి బోర్లించాడు. "బండి నిలవెడితె పాడైతది అవ్వా. నేను నడుపుకుంట. తెలంగాణ వచ్చిన్నాడు తీస్కొస్త. మాటిస్తున్న."

అవ్వ చాలాసేపు బండినే చూసింది. "తెస్తె తే గని, ఎనకకు తిప్పి పెట్టుడు నేర్సుకో" అంది.

బండి గల్లీలోకి ముందుకు వచ్చింది కనుక వెనక్కే వెళ్లాల్సి వచ్చింది. మలుపు తిరిగేదాకా దాని ముఖం మా వైపే ఉంది. ఎడమ సీటు మీద చద్దరు మడత అలాగే ఉంది.

మర్నాడు తెల్లవారగానే అవ్వ వాకిలి ఊడ్చింది. బకెట్ చేత పట్టుకొని సాన్పు చల్లడం మొదలుపెట్టింది. మధ్యకు రాగానే చెయ్యి పక్కకు తిప్పింది. అక్కడ ఉన్నదాని చుట్టూ తిరిగినట్టే నెమ్మదిగా చుట్టూ తిరిగి, అవతలి వైపు చల్లి లోపలికి వచ్చింది. అప్పటి నుంచి రోజూ అంతే. ఈ పొద్దున కూడా గడప మీద నిలబడి చూశాను. వాకిలంతా తడిసి ఉంది. మధ్యలో బండంత నేల పొడిగా ఉంది.