మానస సరోవరానికి కట్టిన మూట

ఎండకు బండలు కాలుతుంటే నేను గొంగడి కప్పుకుని పెరట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసి, "ఏందే పిల్లా, చలిజరమా?" అనేది. "కాదు, టిబెట్టు పోతున్న" అని కసిరేదాన్ని. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. ఓపిక అనేది నాకు పుట్టుకతోనే లేదు. గొంగట్లో ఎంతసేపు నడవగలనో చూసుకోవాలని ఒకటే ఆత్రం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. మా బాపు అక్క, నా మేనత్త, పసితనంలోనే భర్త పోయి, గుండు మీద ముసుగుతో సిద్దిపేటలో మా ఇంట్లోనే ఉండేది. ఇల్లంతా ఆమె మాట మీదే నడిచేది. మామిడికాయ తొక్కు పెట్టాలన్నా వారం, వర్జ్యం చూసేది. అబద్ధం ఆడినవాళ్ల చేతి నీళ్లు కూడా తాగేది కాదు.

ముందటి చలికాలం ఒక బైరాగి మా అరుగు మీద దిగి, మానస సరోవరం చూసి వచ్చానని చెప్పాడు. హిమాలయాలు దాటాక వచ్చే ఆ దేశంలో చెట్టూ చేమా ఉండవట. వానే పడదట. ఎటు చూసినా రాళ్లూ గాలీనట, అడుగు తీసి అడుగేస్తే ఊపిరి అందదట. వింటున్నవాళ్లందరూ "అమ్మో" అన్నారు. అత్త మాత్రం "నేను పోత" అంది. అక్క మాట కాదనే ధైర్యం బాపుకు ఎన్నడూ లేదు. తోడు నేను పోతానన్నాను.

నాకు భక్తి ఏమంత లేదు. అత్తగారింటి నుంచి వచ్చేసి ఏడాది దాటింది. నా మొగుడు చెయ్యి చేసుకునేవాడు. ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. అయినా బావి దగ్గర, గుడిలో, బజారులో ఎవరు ఎదురైనా ఒకటే మాట: "ఎప్పుడు పోతవు బిడ్డా మీ ఇంటికి?" ఆ మాట అడిగే మనిషే లేని జాగా భూమ్మీద ఒకటి ఉందని విన్నాక నా కాళ్లు ఒకచోట నిలవలేదు.

అత్త రోజూ తెల్లవారుతూనే నన్ను లేపి చింతమడక ఊరి తొవ్వ పట్టించేది. "గాడ గుట్టలెక్కాలె. గీడ చదునులనే ఆయాసపడితే ఎట్లనే?" అంటూ నాకంటే ముందు నడిచేది. కొత్త బట్ట దొరకని రోజులు కాబట్టి బాపు పాత ధోవతులు కత్తిరించి, మధ్యలో దూది పరిచి రవికెలు కుట్టుకున్నాం. చెమట కారిపోతుంటే మంచు కోసం రవికెలు కుట్టడం చూసి బాపు నవ్వాపుకోలేక బయటికి పోయేవాడు. అటుకులు, పేలపిండి, శొంఠి సిద్ధం చేశాం. నేనైతే నా మూట కట్టడం, ఏదో మరిచానని విప్పడం, మళ్లీ కట్టడం. "ఆ మూట పానం పోతదే, జర ఊకో" అని అత్త మొత్తుకునేది.

హైదరాబాదులో యాత్రికుల జట్టుతో కలవాలి. వాళ్ల దగ్గర్నుంచి కబురు రాకముందే పంతులు చూసిన ముహూర్తం వచ్చేసింది. అలాంటప్పుడు మావైపు పరస్థానం పెడతారు. కట్టుకునే బట్టల మూటను మంచి ఘడియలో గడప దాటించి ఇంకొకరి ఇంట్లో ఉంచితే, మనిషి ఇంట్లోనే ఉన్నా ప్రయాణమైపోయినట్టే లెక్క. ఆ మూటను బయల్దేరేదాకా విప్పకూడదు. ఆ మనిషిని వెనక్కి పిలవకూడదు.

తీరా ఘడియ వచ్చేసరికి నా బట్టలన్నీ చాప మీద పరిచి ఉన్నాయి. ఏ చీర పెట్టాలో తేలక నేను మళ్లీ మూట విప్పుకుని కూర్చున్నాను. "ఘడియ పోతున్నదే!" అని అరిచి, అత్త తన మూట ఒక్కటే తీసుకుని పక్కింట్లో పెట్టి వచ్చింది. నాకు ఇంకో ముహూర్తం చూపిద్దాంలే అంది.

ఆ తర్వాత కబురు కోసం ఎదురుచూడటమే. హైదరాబాదు మోటారు బస్సు చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి వీధిలోకి ఉరికేదాన్ని. అట్లా ఉరికిన ఒక సాయంత్రం ఎదురుగా ఎద్దుల బండి వచ్చి ఆగింది. అందులోంచి మా మామ, వెనకాలే నా మొగుడు దిగారు.

మామ మంచం మీద కూర్చుని బాపుతో, "కోడల్ని తోల్కపోను వచ్చినం బావా. లోకం నవ్వుతున్నది" అన్నాడు. బాపు తల వంచుకుని, "నాదేమున్నది, మీ పిల్ల, తోల్కపోండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నేను రాను" అన్నాను.

"నిన్నెవరడిగిన్రు?" అన్నాడు మామ.

అప్పుడు లోపలి తలుపు చాటు నుంచి అత్త గొంతు వినపడింది. "అన్నా, పరస్థానం పెట్టినం. అది బైలెల్లిన మనిషి. ఎనుకకు పిలిస్తే ఎవరికి అరిష్టమో నీకు తెల్వదా?"

మామ కూడా అత్తలాగే పట్టింపుల మనిషి. మంచం మీద సర్దుకున్నాడు. "మూటల దాని చీర ఉన్నదా మరి?"

"ఉన్నది. కట్టింది నేనే."

నా చీరలన్నీ ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. "అయితే విప్పి చూపియ్యి" అన్నాడు మామ.

"నువ్వే విప్పుకో. పక్కింట్లనే ఉన్నది. విప్పిన చేతికే తగుల్తది."

మామ అరచేతులు ధోవతికి తుడుచుకున్నాడు. నా మొగుడు మొదటిసారి నోరు తెరిచి, "పోదాం నాయినా" అన్నాడు. ఎద్దులకు నీళ్లయినా పెట్టకుండా వెళ్లిపోయారు.

బండి మలుపు తిరగ్గానే అత్త పక్కింటికి నడిచింది. వెనకాలే నేనూ పోయాను. ఆమె కింద కూర్చుని తన మూట ముడి విప్పుతోంది. నేను చెయ్యి పట్టుకున్నాను. "అయ్యో అత్తా, నీ పరస్థానం పాడైతది!"

"కానీయి. నీ చీర పట్కరా, నా మాట నిజం కావాలె." ముడి విప్పుతూ నావైపు చూడకుండానే అంది: "నన్ను పీట మీద కూసోబెట్టి గుండు గీకిచ్చిన నాడు ఇల్లంత మనుషులే. పిల్లకు జరమొచ్చింది, ఇయ్యాల వద్దు అని ఒక్కలన్న అబద్ధం ఆడకపాయె."

నేను ఇంటికి ఉరికి, చేతికందిన చీర తెచ్చాను. ఏడుపు ఆగలేదు. ఆమె దాన్ని తన తెల్లచీర మీద పరిచి, ముడి గట్టిగా బిగించింది.

"ముహూర్తం లేదు, కబురు లేదు. రేపు పొద్దుగాల మోటారుకే పోదాం పా" అంది.