తగరపు బొట్టు

కరిగిన తగరానికి తలతన్యత ఎంతో కొలవడం నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. సర్ఫేస్ టెన్షన్ అని చెప్పానో లేదో, "ఎవరి టెన్షన్ కొలుస్తున్నవే?" అని మా పేట పేటంతా నవ్వేది.

వినడానికి తేలికే. ఆర్గాన్ గ్యాసు నింపిన గాజు గొట్టంలో, పింగాణీ పలక మీద తగరం కరిగిస్తే గుండ్రటి బొట్టుగా నిలుస్తుంది. పక్క నుంచి ఫోటో తీసి, ఎత్తూ వెడల్పూ చూసి లెక్క కట్టాలి. కొలిమికి సరిపడే కరెంటు కాలేజీలో లేదు. మా పేటలో, అంటే జోడ్‌భావి పేట్‌లో, నాన్న నడిపే పవర్‌లూమ్ మగ్గాల షెడ్డులో ఉంది. సామానంతా షెడ్డు వెనక గదికి తెచ్చుకున్నాను. అదే నా ఖర్మ. మగ్గాలు ఆడితే నేల వణుకుతుంది, నేలతో పాటు బొట్టూ వణుకుతుంది. రీళ్లకు రీళ్లు ఫోటోలన్నీ అలుక్కుపోయాయి. కాసేపు మగ్గాలు ఆపమంటే నాన్న, "నీ బొట్టు కోసం ధంధా బంద్ పెట్టాల్నా? ఈసారి పాస్ గాకుంటే నీ చదువే బంద్" అన్నాడు.

పేటలో మగ్గాలన్నీ ఆగేది దసరా ముందు రోజు, ఖండేనవమికే. ఆ రోజు పనిముట్లకు పూజ. సెలవులు అయిపోగానే ప్రాజెక్టు ఇవ్వాలి. నాకు మిగిలింది ఆ ఒక్క రోజే.

ఖండేనవమికి ముందు రోజు పలకను యాసిడ్‌తో కడిగి, కాల్చి, సిద్ధం చేశాను. ఉన్నది ఆ ఒక్క పలకే. దాని మీద వేలు తగిలినా లెక్క తప్పుతుంది.

"రేపు నీకేం గావాలె బిడ్డా?" అంది అమ్మ.

"ఏం వద్దమ్మా. ఆ పలక మీద బొట్టు మంచిగ నిలబడితే చాలు" అన్నాను.

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి గదంతా ఊదుబత్తి పొగ. కెమెరాకు పసుపు, కొలిమికి బంతిపూల దండ. తెల్లటి పలక నడిమధ్య రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు.

"ఏం చేసినవమ్మా ఇది?"

"నువ్వే అంటివి గద, బొట్టు నిలబడాలె అని. నూనెల కలిపి పెట్టిన, రాలదు."

ఒళ్లు మండిపోయింది. గీకాను, కడిగాను, మళ్లీ కాల్చాను. కుంకుమ పోయింది గానీ మరక పోలేదు. చేసేదేం లేక దాని మీదే తగరం కరిగించాను. అది గుండ్రంగా నిలవకుండా చపాతీలా పరుచుకుంది. ఫోటో మాత్రం, నా మొహానికి, అద్దంలా వచ్చింది.

మూల కూర్చుని ఏడుస్తుంటే అమ్మ పక్కన చేరింది. "మగ్గాలకు అన్నిటికీ చిన్నగనే పెట్టిన బిడ్డా. నీదానికే పెద్దగ పెట్టిన" అంది.

ఇక ఆమె మీద అరవడానికి కూడా లేకుండా పోయింది. నా చదువు అక్కడితో ఆగింది.