జిడ్డు మరకకు మొలిచిన కొమ్మ

జర్మనీలోని యేనా ఊళ్లో ఆల్వినె క్రెచ్‌మర్ రాతి అచ్చుకు, అంటే రాతి పలక మీద గీసి కాగితాల మీద అచ్చు తీయడానికి, బొమ్మలు గీసేది. ఆ పనిలో ఉన్న భయమంతా ఒక్కటే. సున్నపురాతి పలకకు వేలిజిడ్డు అంటిందా, అప్పటికి కంటికి కనబడదు గానీ అచ్చులో నల్లగా తేలుతుంది. ఇరవయ్యేళ్లుగా ఆమె ఒక్క పలకా పాడుచెయ్యలేదు. ఆ సంగతి పదిమందికీ చెప్పుకునేది కూడా.

ఒక చలికాలం ప్రొఫెసర్ రూడెకర్ ఏ సముద్రపు నత్త జాతి దేన్నుంచి పుట్టిందో కొమ్మకొకటిగా చూపే వంశవృక్షం గీయమని చిత్తుకాగితం ఇచ్చాడు. పందికొవ్వు పూసిన రొట్టె తిన్న చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే ఆల్వినె పనికి కూర్చుంది. బొటనవేలు జారి రెండు కొమ్మల నడుమ పడింది. గీకితే పలక గుంటపడి తప్పు దొరికిపోతుంది, కొలువు ఊడుతుంది. అందుకని ఆ చోట బెరడు గీసి, చివర చిగురు పెట్టి, బుల్లి కొమ్మను చేసేసింది.

ప్రొఫెసర్ మురిసిపోయాడు. తన చిత్తుకాగితం మాటే మరిచాడు. కొమ్మ ఉంటే నత్త ఉండాలి కదా అని రెండేళ్లు పాఠాలు చెప్పాడు. ఆ నత్తను వెతకడానికి జ్వరాల దీవులకు మనిషిని పంపుతున్నానన్నాడు. అంతకుముందు అక్కడికి వెళ్లినవాడి పెట్టె ఒక్కటే తిరిగొచ్చింది. ఈసారి వెళ్లేది ఆయన దగ్గరే చదువుకుంటున్న ఆల్వినె తమ్ముడు ఫోల్క్‌మార్.

ఆమె ప్రొఫెసర్ ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది. తిడతాడనుకుంది, తిట్టినా బాగుండేది. ఆయన నవ్వి, గోడకున్న అచ్చుబొమ్మలో ఆ కొమ్మను అరచేత్తో మూశాడు.

“చూడమ్మా, ఇంత చెట్టుకి ఇక్కడ బోడిగా ఉంటుందా? నీ వేలు పొరపాటు పడిందేమో, చెట్టు పొరపాటు పడలేదు.”

“నత్తలకి కొమ్మలెక్కడివండీ? అవి మనం గీసుకున్నవి కదా.”

ఆయన మాట మార్చి, టీ తాగి వెళ్లమన్నాడు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు పెట్టె సర్దుతున్నాడు. అతనికీ చెప్పింది.

“నమ్ముతున్నానక్కా. కానీ రెండేళ్లుగా దాన్నే చూస్తున్నా. ఆ కొమ్మ లేకుండా చెట్టుని అనుకోవడం నావల్ల కావట్లేదు.”

“ఒరేయ్, ఆగు. అసలుది గీసి చూపిస్తా.”

తెల్లకాగితం తీసి మొత్తం చెట్టు గీసింది. ఆ చోట ఏమీ గీయకుండా వదిలి, కాగితం దూరంగా పట్టి చూసింది. అక్కడి నుంచి ఎవరో కొమ్మ విరిచేసినట్టుంది. ఎంతసేపు చూసినా ఆమె కంటికీ అలాగే ఉంది.

ఫోల్క్‌మార్ ఆ కాగితం కూడా మడిచి పెట్టెలో పెట్టుకుని, పట్టీ బిగించాడు.