పూత మీద కొన్న మంచు ఇల్లు

మా ఆయన కాయ చూసి కాదు, పూత చూసి తోట కొంటారు. ముసునూరు చుట్టుపక్కల మామిడి వ్యాపారం చేసేవాళ్లంతా అంతే. పుష్యమాసంలో చెట్టు కింద నిలబడి, తలెత్తి చూసి, ఎంత కాపు నిలుస్తుందో మనసులో అనుకుని తోటగలాయన చేతిలో బయానా పెట్టేస్తారు. ఆ తర్వాత గాలివానకు పిందెలన్నీ రాలినా బయానా ఇచ్చినవాడు వెనక్కి తగ్గకూడదు. తగ్గితే మరుసటేడు ఎవరూ అతన్ని తోట గట్టు ఎక్కనివ్వరు. ఒక ఏడు పూతంతా నల్లగా మాడిపోతే, ఈయన పాలిచ్చే గేదెల్ని అమ్మి మరీ ఒప్పుకున్నంతా కట్టి వచ్చారు. ఆ సంగతి ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. నేనూ గొప్పగానే చెప్పుకునేదాన్ని.

మా అల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. ఆ వేసవిలో రసాలు తినడానికి వచ్చి, చేతులు కడుక్కుని, ఫోనులో ఒక కొండ ఊరు చూపించాడు. ఎక్కడో విదేశం. కాళ్లకు చెక్కలు కట్టుకుని మంచు మీద జారడానికి జనం అక్కడికి వస్తారట. వాళ్లు బస చెయ్యడానికి పెద్ద భవనం కడుతున్నారట. అందులో ఒక ఫ్లాటు కొనుక్కుంటే, కంపెనీవాళ్లే అద్దెకిచ్చి ఏటా డబ్బు పంపిస్తారట. ఇంకా కట్టనిదాన్ని ఎలా కొంటారని అడిగాను.

"కట్టకముందైతేనే చౌక అత్తయ్యగారూ. మావయ్యగారు పూత మీద కొనట్లేదా? ఇదీ అంతే" అన్నాడు నవ్వుతూ.

అంతకుముందు అల్లుడు ఈయన వ్యాపారం గురించి ఒక్క మాట అడిగి ఎరగడు. ఆ మాటకు మా ఆయన మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. అప్పుడే నాకు భయం వేసింది. ఎందుకంటే అంత సొమ్ముకు అమ్మదగ్గది మా ఇంట్లో ఒక్కటే ఉంది. మా అమ్మ పసుపు కుంకుమ కింద నాకిచ్చిన చిన్నరసాల తోట.

ఆయన నోరు విడిచి అడగలేదు. అన్నం తిని లేవకుండా, నీళ్లు తాగుతూ కూర్చునేవారు. చివరికి నేనే అన్నాను, చెట్టు చూడకుండా ఎప్పుడైనా బయానా ఇచ్చారా అని. ఆ మాట పట్టుకుని, చలికాలంలో మామా అల్లుళ్లిద్దరూ బయలుదేరారు. నూజివీడులో కోతిటోపీ కొన్నారు. నేను ఆవకాయ కట్టిచ్చాను. ఇక్కడ పూత మొదలయ్యే వేళకు ఈయన ఊళ్లో లేకపోవడం నా కాపురంలో అదే మొదలు.

తిరిగొచ్చాక వీధిలో వాళ్లకు ఆ మంచు గురించి కథలు కథలుగా చెప్పారు. ఊరంతా సున్నం కొట్టినట్టుందన్నారు. టోపీ పెట్టుకున్నా చెవులు తన దగ్గర లేవన్నారు. అందరూ నవ్వారు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ నాతో వేరే సంగతి చెప్పారు.

"గోడలు లేవే. పునాది గుంటల్లో మంచు పడి ఉంది. చలికాలం పని ఆపేస్తారంట."

"మరేం చూశారు?"

"నమూనా గది అని ఒకటి చూపించారు. అది బానే ఉంది."

"బయానా ఇచ్చేశారా?"

ఆయన నోరు పుక్కిలించి, "అల్లుడి ఎదురుగా చెయ్యి కలిపాను" అన్నారు.

వారం తిరక్కుండా అల్లుడు ఫోను చేశాడు. అతనికీ మనసులో పీకుతున్నట్టుంది. వద్దనుకుంటే గడువు లోపల చెప్పి బయానా వెనక్కి తీసుకోవచ్చని కాగితంలో ఉందన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. బయానా వెనక్కి అడిగిన పాపాన తానెప్పుడూ పోలేదని చెప్పి ఫోను పెట్టేశారు.

"ఏవండీ, అది మన వేపు పద్ధతి. వాళ్లకుందో లేదో మనకేం తెలుసు?" అన్నాను.

"వాళ్లకి లేకపోతే నాకూ లేకుండా పోవాలా?"

గేదెల్ని అమ్మిననాడు ఈ మనిషిని చూసే నేను మురిసిపోయాను. ఇప్పుడేమనను? నూజివీడు వెళ్లి మా అమ్మ తోట అమ్మకానికి సంతకం పెట్టాను. చింతలపూడి నించి వచ్చిన ఒకాయన కొనుక్కున్నాడు.

అక్కడ భవనం రెండంతస్తులు లేచింది. ఫోటోలు వచ్చేవి. తర్వాత పని ఆగింది. ఒకసారి ఇనుము ధర పెరిగిందంటారు, ఒకసారి మంచు ఎక్కువైందంటారు. ఫోటోలు మాత్రం ఆపలేదు. మెట్ల కింద ఒక నీలం డ్రమ్ము పక్కకు పడి ఉంటుంది. ప్రతి ఫోటోలోనూ అది కదలకుండా అక్కడే ఉందని నేను మొదటే కనిపెట్టాను కానీ, పైకి అనలేదు. అల్లుడు వస్తే తల వంచుకుని తిని లేస్తాడు. ఈయన రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసి, చెట్టులోకి చూసినట్టే చూస్తారు. ఒకనాడు ఫోను నా చేతికిచ్చి, "నిలుస్తుందంటావా?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఏ తోట గురించీ నన్నలా అడగలేదు.

"అక్కడ కావలి ఎవరున్నారండీ?" అన్నాను. బయానా ఇచ్చిన సాయంత్రమే తోటలో కావలి గుడిసె వేయించే మనిషి, నా చేతిలోంచి ఫోను తీసేసుకున్నారు.

ఈ ఏడు చింతలపూడి ఆయన కబురు చేశాడు, తోట కాపు మీరే తీసుకోండి అని. ఈయన వెళ్లనన్నారు. పూత బాగుందని విన్నాను, పదండని నేనే బయలుదేరదీశాను. మా అమ్మ చెట్ల కింద ఆయన, కొత్త తోటలో తిరిగినట్టు, ఒక్కో చెట్టూ తలెత్తి చూస్తూ తిరిగారు. బయానా ఇచ్చారు. గుడిసె బావి దగ్గర వేయిద్దామనుకుంటుంటే, వద్దన్నాను.

"కోతులు పుంత బాట వేపు నించి వస్తాయి. ఆ మూల జంటచెట్ల కింద వేయించండి."

అక్కడే వేయించారు. ఈసారి కూలికి మనిషిని పెట్టలేదు, తనే కావలి ఉంటానన్నారు. నులకమంచం మోసుకెళ్లారు. ఆ మూల సిగ్నల్ అందదు. అందుకని ఫోను నా దగ్గర వదిలి వెళ్తారు, కొత్త ఫోటో వస్తే వచ్చి చెప్పమని.

రోజూ క్యారేజీ తీసుకెళ్తాను. ఆయన నా మొహం చూస్తారు. నేను గిన్నెలు విప్పి అన్నం పెడతాను. నిన్న కూడా ఫోటో వచ్చింది. డ్రమ్ము అక్కడే ఉంది.