క్రిస్మస్ పాటలూ నాన్న చెవులూ

మొన్న దువ్వాడలో మా అపార్ట్‌మెంటు మెట్లెక్కుతుంటే ఎవరింట్లోనో గులాబీ పువ్వులు వేగుతున్న వాసన వచ్చింది. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, కాగిన నూనె కలగలిసిన ఆ వాసన నన్ను గాజువాక సందులోని మా రేకుల ఇంటికి లాక్కుపోయింది. సముద్రపు గాలి జిగటగా వీస్తుండగా, అమ్మ పువ్వు అచ్చును నూనెలో ముంచి తీస్తుంటే, విరిగిన ముక్కల కోసం చెల్లీ నేనూ కాచుకుని కూర్చునేవాళ్ళం. నాన్న గోడకానుకుని క్రిస్మస్ పాటలు సాధన చేసేవాడు.

నాన్న ఓడల మరమ్మతు యార్డులో తుప్పు కొట్టేవాడు. ఇనప రేకుల మీద గాలిసుత్తి పొద్దల్లా మోగుతుంటే పక్కవాడి కేక కూడా వినబడదట. అయినా మా చర్చి పాటల బృందానికి ఆయన గొంతే ఆధారం. డిసెంబరు సాయంత్రాల్లో పెట్రోమాక్సు దీపం వెనక ఇంటింటికీ నడిచి వెళ్ళి, ఆయన చెయ్యెత్తితే మొదలుపెట్టి, దించితే ఆపేవాళ్ళం.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు, పాట మధ్యలో నాన్న శ్రుతి తప్పాడు. మేం తడబడి ఆపేశాక కూడా ఇంకా పాడుతూనే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఆయనకు అదే ఎక్కువ బాధయింది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"పిలిస్తే పలకవేటయ్యా? నాను మాటాడితే ఇనపడతన్నేదా?" అంది అమ్మ.

"గట్టిగా అంటే ఇనపడతాది," అన్నాడు నాన్న.

మర్నాడు అమ్మ పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పోయిన వినికిడి తిరిగి రాదనీ, మిగిలింది నిలవాలంటే మోతలో చెవులు మూసుకోవాల్సిందేననీ ఆయన చెప్పాడు. యార్డులో ఇచ్చిన చెవి కప్పులు అప్పటికే మా అటక మీద ఉన్నాయి. తోటివాళ్ళు నవ్వుతారని నాన్న వాటిని డబ్బాలోంచి తీయనేలేదు. అమ్మ వాటిని దించి, తుడిచి, అన్నం క్యారేజీ పక్కన పెట్టింది.

"నవ్వితే నవ్వనీ. రేపు పిల్లలు నాన్నా అంటే ఎవులు పలుకుతారు?"

మొదటిరోజు ఒకాయన, "ఏటి బావా, రేడియో ఇంటన్నావా?" అన్నాడట. "కాదు బావా, ఇంటికాడ ఇనాల్సింది ఉంది," అన్నాడట నాన్న. రిటైరయ్యేదాకా అవి లేకుండా సుత్తి ముట్టలేదు. పాటకు చెయ్యెత్తే పని మాత్రం ఇంకొకరికి అప్పగించి, వెనక వరసలో మెల్లగా పాడేవాడు.

కొన్నేళ్ళ కిందట అమ్మ ఆస్పత్రి మంచం మీద, గొంతు బాగా సన్నబడిపోయి, ఏదో చెప్పబోయింది. ఆ మాట నాన్నకు అందించాలేమోనని నేను దగ్గరికి జరిగాను. ఆయన చేత్తో నన్ను ఆపి, తనే వంగి, ఎడమ చెవి ఆమె పెదవుల దగ్గర పెట్టాడు. విన్నాడు. తలూపి, "అలాగే సేత్తాన్లే," అన్నాడు.

ఇప్పుడు ఆ సందు లేదు, అక్కడంతా మేడలు. క్రిస్మస్ పాటలు లారీల మీద పెద్ద స్పీకర్లలో, మాట తెలియనంత మోతగా వస్తాయి. లారీ మా వీధిలోకి తిరగ్గానే, మా దగ్గరే ఉంటున్న నాన్న లేచి కిటికీ మూసేస్తాడు. అమ్మ ఆ రోజు ఏం చెప్పిందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.